సముద్రపు పండుగప్ప – సిద్దిపేట చెరువు

గ్రామమునకు చెరువు కేవలము నీరు నిలుచు తావు కాదు. పొలములకు తడి, పశువులకు త్రాగునీరు, బావులకు ఊట, మత్స్యకార కుటుంబములకు జీవనాధారము, ఈ నాలుగును ఒక్క కట్టను ఆశ్రయించి యున్నవి. సిద్దిపేట జిల్లాలో ఇట్టి చెరువులు లేని గ్రామము అరుదు. వీనికి తోడుగా 2020 ఏప్రిల్ నెలలో రంగనాయకసాగరము, అదే సంవత్సరము మే నెలలో కొండపోచమ్మసాగరము, 2022 ఫిబ్రవరిలో మల్లన్నసాగరము ప్రారంభమైనవి. వీని నిలువ సామర్థ్యము వరుసగా 3, 15, 50 శతకోటి ఘనపుటడుగులు. నీరు పెరిగిన చోట చేపల పెంపకముపై ఆశ పెరుగుట సహజము.

బొచ్చె, రోహు, మృగాల, బంగారుతీగ చేపలు మన చెరువులకు అలవాటైనవి. వీనితో తృప్తిపడక, అంతకంటె హెచ్చు ధర పలుకు చేపలను తెచ్చి విడువరాదా అను ప్రశ్న గ్రామసభలో వచ్చుటయు సహజమే. అట్టి ప్రశ్నలలో పండుగప్పను గూర్చినది యొకటి. కోస్తా జిల్లాల వారికి ఈ చేప చిరపరిచితము. సముద్రమునకు దాదాపు 300 కిలోమీటర్ల దూరమున నివసించు మన ప్రాంతము వారిలో అనేకులకు దీని పేరు మాత్రమే తెలియును, స్వభావము తెలియదు. మంచినీటిలో కూడ పెరుగునని విన్నంతనే దీనిని ఊరి చెరువులో విడువవచ్చునని తలచుట సులభము. కాని ఆ తలంపు సరియైనది కాదు. అది ఏల సరికాదో, ఈ చేపను పెంపగోరువారికి వేరు మార్గమేదో పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరము. ఏలనన, చెరువులోనికి ఒకసారి విడిచిన చేపను తిరిగి ఏరి తీయుట ఎవరి తరమును కాదు.

పేరు, రూపము

పండుగప్ప హిందూ మహాసముద్రపు తీరములందును, పసిఫిక్ మహాసముద్రపు పశ్చిమ భాగమునందును నివసించు చేప. పారసీక సింధుశాఖ మొదలుకొని మన దేశపు రెండు తీరములు, ఆగ్నేయాసియా దేశములు, ఆస్ట్రేలియా ఉత్తర తీరము వరకు ఇది వ్యాపించియున్నది. వంగదేశీయులు దీనిని భేట్కీ యనియు, తమిళులు కొడువా యనియు, మలయాళీలు కాలాంజి యనియు, ఆస్ట్రేలియా వారు బర్రాముండి యనియు పిలుతురు. దీని శాస్త్రీయ నామము లేట్స్ కాల్కారిఫర్. జర్మను శాస్త్రజ్ఞుడు బ్లాక్ 1790లో దీనిని వర్ణించి, కాల్కారిఫర్ అను పేరు నొసంగెను. లాటిన్ భాషలో ఈ మాటకు కుచ్చుముల్లు ధరించినదని అర్థము. చేప చెంపయందలి గట్టి ముండ్లను బట్టి ఈ పేరు వచ్చినది.

ఈ చేప శాస్త్రగ్రంథములకెక్కిన కథలో తెలుగు మత్స్యకారులకు కూడ స్థానము కలదు. ఈస్టిండియా కంపెనీ కొలువులోనుండిన ప్యాట్రిక్ రస్సెల్ అను స్కాట్లాండు వైద్యుడు 1780 తరువాతి దశాబ్దమున విశాఖపట్టణములో నివసించి, అచ్చటి జాలరులు పట్టి తెచ్చిన చేపలను పరిశీలించి, బొమ్మలు వ్రాయించెను. 200 చేపల వర్ణనలతో ఆయన గ్రంథము 1803లో లండనునందు ప్రకటింపబడెను. చేపలకు ఆయన జాలరుల నోట విన్న తెలుగు పేర్లనే ఉంచెను. అందు మన పండుగప్ప “పండుమీను”గా కానవచ్చును. ఆ గ్రంథములోని “కానగుర్త” యను తెలుగు మాట తరువాత మరియొక చేపకు ప్రపంచమంతట చెల్లుబాటగు శాస్త్రీయ నామములో భాగమైనది. చదువు లేని జాలరులు చేపలను ఎంత నిశితముగా వేరుపరచి గుర్తించుచుండిరో దీనివలన తెలియుచున్నది.

పండుగప్ప శరీరము పొడవుగాను, ప్రక్కలకు అణగియు ఉండును. తల ముందు భాగము కొంచెము పల్లముగా దిగి, వెనుక వీపు ఎత్తుగా లేచును. నోరు పెద్దది. పైదవడ కంటి వెనుకభాగము వరకు సాగియుండును. వీపు రెక్కకు ముందుభాగమున గట్టి ముండ్లు గలవు. చెంపరేకుల అంచు పదునైనది, ఏమరుపాటున పట్టుకొన్నచో చేయి తెగును. తోక చీలియుండక గుండ్రముగానుండును. పెద్ద చేప వెండి వన్నెతో మెరయును. ఇది 2 మీటర్ల పొడవు, 60 కిలోగ్రాముల బరువు వరకు పెరుగగలదు. విపణికి వచ్చునవి సామాన్యముగా ఇంతకంటె ఎంతయో చిన్నవి. మాంసము తెల్లగా, గట్టిగానుండి, సన్నని ముండ్లు తక్కువగా ఉండుటచే భోజనప్రియులు దీనిని కోరుదురు. కావుననే దీనికి ధర.

ఉప్పునీట పుట్టుక, మంచినీట పెరుగుదల

పులస చేప కథ అందరికిని తెలిసినదే. అది సముద్రములో పెరిగి, గ్రుడ్లు పెట్టుటకై వరదకాలమున గోదావరికి ఎదురీదును. పండుగప్ప నడవడి దీనికి సరిగా వ్యతిరేకము. ఇది సముద్రపు అంచున పుట్టి, పెరుగుటకై నదులలోనికి, కాలువలలోనికి, సరస్సులలోనికి వచ్చును. ఈడు వచ్చిన పిదప గ్రుడ్లు పెట్టుటకై మరల ఉప్పునీటికి పోవును.

తల్లిచేప నదీముఖముల సమీపమున గ్రుడ్లు పెట్టును. అచ్చటి నీటియందు లీటరుకు 28 మొదలు 32 గ్రాముల వరకు ఉప్పు ఉండవలెను. నడిసముద్రపు నీటియందు ఈ లెక్క సుమారు 35 గ్రాములు. అమావాస్య, పౌర్ణమి దినములకు సమీపమున, సముద్రము పోటు మీదనుండు వేళ ఈ కార్యము జరుగును. పోటునీటితో పాటు గ్రుడ్లును, వానినుండి వెలువడిన పసి జీవములును నదీముఖములోనికి కొట్టుకొని వచ్చును. గ్రుడ్డు ఒక మిల్లీమీటరుకంటె చిన్నది. ఒక్క దినములోపలనే అది పిగులును. పెద్ద తల్లిచేప ఒక కాలములో పెట్టు గ్రుడ్లు పది లక్షలను మించియుండును. అయినను వానిలో పెరిగి పెద్దవగునవి బహు స్వల్పము.

పసిపిల్లలు మడ అడవుల వేళ్ల మధ్యను, ఉప్పుటేళ్ల పల్లములందును తలదాచుకొని పెరుగును. గోదావరి ముఖమునందలి కోరింగ మడ అడవులు, దక్షిణమున పులికాటు సరస్సు, ఉత్తరమున ఒరిస్సాలోని చిలక సరస్సు ఇట్టి పెంపుడు తావులకు ఉదాహరణములు. ఉప్పు తగ్గుకొలది వాని శరీరము ఆ మార్పునకు అలవడి, క్రమముగా పూర్తి మంచినీటిలో కూడ జీవింపగలుగును. మంచినీటి చెరువులో దీనిని పెంపవచ్చుననుటకు ఆధారమిదియే.

దీనియందు మరియొక వింత కలదు. పండుగప్పలలో అధిక సంఖ్యాకములు మొదట మగచేపలుగా పరిపక్వమగును. కొన్ని సంవత్సరములు గడచి, శరీరము బాగుగా పెరిగిన పిదప అవియే ఆడచేపలుగా మారును. కిలోగ్రామున్నర మొదలు రెండున్నర కిలోగ్రాముల వరకు బరువుగలవానిలో పెక్కు మగవి. నాలుగు మొదలు ఆరు కిలోగ్రాముల బరువునకు వచ్చునప్పటికి పెక్కు ఆడవి. కావున తీరమునందు పెద్దచేపల నన్నిటిని పట్టివేసినచో తల్లిచేపలే కరవగును. మడ అడవులు నరికినచో పిల్లలకు చోటు కరవగును. ఈ రెండు విషయములును తీరవాసులకు సంబంధించినవైనను, పిల్లచేపలను కొనువారు కూడ ఎరుగదగినవి.

మన చెరువులో ఏల సంతానము కలుగదు?

రోహు, బొచ్చె మొదలగు చేపలు కూడ చెరువులోని నిలువనీటిలో గ్రుడ్లు పెట్టవు. ప్రతి సంవత్సరము పిల్లలను తెచ్చి విడుచుచున్నాము. పండుగప్ప విషయములో అడ్డంకి ఇంకను పెద్దది. మొదటిది ఉప్పు. మన చెరువులలో ఆ చేప సంతానమునకు కావలసిన ఉప్పునీరు లేదు, ఉండనురాదు. రెండవది వయస్సు. విపణికి తగిన కిలోగ్రాము బరువు వచ్చునప్పటికి అవి దాదాపు అన్నియు మగచేపలే. ఆడచేపలగువరకు వానిని ఎవరును ఉంచుకొనరు.

మూడవది మార్గము. సిద్దిపేట ప్రాంతపు కూడవెల్లి వాగు మానేరులో కలియును. ఆ కలయిక వద్ద నర్మాలలో ఎగువ మానేరు ఆనకట్ట కలదు. దాని దిగువన మధ్య మానేరు, కరీంనగరము వద్ద దిగువ మానేరు ఆనకట్టలు కలవు. మానేరు గోదావరిలో కలిసిన పిదప కూడ సముద్రము చేరులోపల నదికి అడ్డముగా కట్టడములు కలవు. వానిలో పురాతనమైనది ధవళేశ్వరము. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యమున అచ్చటి మొదటి ఆనకట్ట 1852లో ముగిసినది. ఆ ఆనకట్టలు లక్షల ఎకరముల గింజలు పండించుటకు తోడ్పడినవి, వానిని నిందింప బనిలేదు. కాని సముద్రమునకును మన వాగులకును నడుమ చేపకు దారి లేదని మాత్రము దీనివలన గ్రహింపవలెను. మన చెరువునుండి పండుగప్ప సముద్రమునకు పోలేదు, సముద్రమునుండి దాని పిల్ల మన చెరువునకు రాలేదు.

ఇది మనకు క్రొత్త విషయము కాదు. తెలంగాణములోని పెద్ద జలాశయములలో విడుచుచున్న మంచినీటి పెద్ద రొయ్య కూడ ఇట్టిదే. అది మంచినీటిలో పెరిగినను, దాని పసిపిల్లలు బ్రతుకుటకు కొంత ఉప్పునీరు కావలెను. కావున ఏటేట కేంద్రములనుండి పిల్లలను తెచ్చుచున్నారు. పండుగప్ప పిల్లలను కూడ అట్లే ఉత్పత్తి కేంద్రములనుండియే తేవలెను.

ఈ పిల్లల ఉత్పత్తి విద్య 1970 తరువాతి దశాబ్దమున థాయిలాండులో ఆరంభమైనది. మన దేశములో మద్రాసు నగరమునందలి కేంద్రీయ ఉప్పునీటి మత్స్య పరిశోధన సంస్థ 1997లో మొదటిసారిగా దీనిని సాధించెను. సముద్రోత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థకు చెందిన రాజీవ్ గాంధీ జలజీవుల పెంపక కేంద్రము తమిళనాడులో పండుగప్ప పిల్లల కేంద్రమును నెలకొల్పెను. నేడు ఆంధ్ర తీరమున కృష్ణా జిల్లా నాగాయలంక మొదలగు చోట్ల ఈ చేపను పెంచుచున్నారు.

ఆహారము – అసలు చిక్కు

ఇంతవరకు చెప్పినది వినినవారు, “సంతానము కలుగకపోయిన నేమి? ఏటేట పిల్లలను తెచ్చి విడిచెదము” అనవచ్చును. అసలు చిక్కు ఇచ్చటనే కలదు.

బొచ్చె నీటి పైభాగమునను, రోహు నడుమను, మృగాల అడుగునను మేయును. నాచు, నలుసు, సూక్ష్మజీవులు, కుళ్లిన ఆకులు వీని ఆహారము. అనగా చెరువు తనంతట పుట్టించు పదార్థమును ఇవి మాంసముగా మార్చుచున్నవి. ఒకదాని పొట్ట మరియొకటి కొట్టవు. కావుననే వీనిని కలిపి పెంచుచున్నాము. పండుగప్ప అట్టిది కాదు. అది కేవలము మాంసాహారి. రొయ్యలను, చిన్నచేపలను మ్రింగి బ్రతుకును. తన పొడవులో సగమునకు మించిన చేపను సైతము మ్రింగగలదు. ఆకలి గొన్నచో తన జాతి పిల్లలనే తినును.

మన రాష్ట్రములో ప్రభుత్వము 2016-17 మొదలు చెరువులలో విడుచుటకై చేపపిల్లలను ఉచితముగా పంపిణీ చేయుట కారంభించినది. ఎండిపోవు చెరువులకు 35 మొదలు 40 మిల్లీమీటర్ల పిల్లలు, సంవత్సరమంతయు నీరుండు జలాశయములకు 80 మొదలు 100 మిల్లీమీటర్ల పిల్లలు నిర్ణయింపబడినవి. ఒక జానెడు పొడవుగల పండుగప్ప ఈ 100 మిల్లీమీటర్ల పిల్లను సులభముగా మ్రింగును. 40 మిల్లీమీటర్ల పిల్లకు మన వ్రేలెడు పండుగప్పయే చాలును.

ఒక లెక్క చూతము. చిన్నచేపలను మేపి పెంచినచో పండుగప్ప ఒక కిలోగ్రాము పెరుగుటకు నాలుగైదు కిలోగ్రాముల చిన్నచేపలు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువయు వలయును. 100 మిల్లీమీటర్ల పిల్లచేప బరువు సుమారు 10 గ్రాములనుకొందము. అప్పుడు నూరు పిల్లలు ఒక కిలోగ్రాము. నాలుగు కిలోగ్రాములనగా నాలుగు వందల పిల్లలు. పండుగప్పకు చెరువులో ఇతరాహారము దొరకదని కాదు. పరకలు, చిన్న రొయ్యలు కూడ తినును. అయినను సగము ఆహారము మన పిల్లచేపలే యైనచో, ఒక్క కిలోగ్రాము పండుగప్ప కొరకు రెండువందల రోహు, బొచ్చె పిల్లలు పోయినట్లే. ఆ రెండువందలలో సగము బ్రతికి, తలకొక కిలోగ్రాము తూగినను, నూరు కిలోగ్రాముల చేప నష్టము. హెచ్చు ధర వచ్చునని తెచ్చిన చేప సంఘమునకు మిగిల్చునది ఈ లెక్క.

“కొరమీను, వాలుగ కూడ చిన్నచేపలను తినునవియే కదా, అవి మన చెరువులలో లేవా?” అని యడుగుట న్యాయమే. కొరమీను మన రాష్ట్రపు చేపగా గౌరవము పొందినది కూడను. కాని అవి అనాదిగా మన నీటిలో పుట్టి పెరుగుచు, ఇతర జాతులతో ఒక పొత్తు కుదుర్చుకొన్నవి. కొరమీను గట్ల వద్ద, తుంగలలో పొంచి వేటాడును. పండుగప్ప విశాలమైన నీటిలో ఈదుచు వేటాడును, అంతకంటె పెద్దదిగా పెరుగును. పైగా ఉన్న మాంసాహారులకు తోడు మరియొకటి వచ్చుటచే చిన్నచేపల భారము పెరుగునే గాని తరుగదు. మరియొక సంగతి. పరకలు, బొమ్మిడాయిలు మొదలగు చిన్న జాతులు పేదల కూరలోనికి తక్కువ వ్యయముతో వచ్చు పుష్టికరాహారము. పండుగప్ప వేటకు మొదట బలియగునవి అవియే.

గొలుసుకట్టు చెరువుల మాట

మన ప్రాంతపు చెరువులు ఒంటరివి కావు. ఎగువ చెరువు నిండి మత్తడి దుమికినచో ఆ నీరు దిగువ చెరువునకు పోవును. కాకతీయుల కాలమునుండి వచ్చిన గొలుసుకట్టు పద్ధతి యిది. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ పనులలో పూడిక తీసి, కట్టలు, తూములు, మత్తళ్లు బాగుచేసినప్పుడు ఈ గొలుసు మరల కొంత బలపడినది. నీరు పోయిన త్రోవనే చేప పోవును. మత్తడికి జాలీ కట్టినను పెద్ద వానలో అది నిలుచునను ధీమా లేదు.

కావున ఒక గ్రామము వారు తమ చెరువులో విడిచిన పండుగప్ప మరియొక గ్రామపు చెరువులో వేటాడవచ్చును. ఒక సంఘము నిర్ణయమునకు మరియొక సంఘము నష్టపోవచ్చును. పొలము గట్టు తగవు వచ్చినచో సరిహద్దు రాయి చూపవచ్చును. చేపకు సరిహద్దు రాయి లేదు. పండుగప్ప ఇచ్చట సంతానము కనదు కనుక ఈ నష్టము తరతరములు సాగదు, ఆ చేపల ఆయువుతో ముగియును. ఇది కొంత ఊరట. కాని దాని ఆయువు అనేక సంవత్సరములు, పెరుగుకొలది ఆకలియు పెరుగును.

ఈ సందర్భమున ఆఫ్రికా క్యాట్‌ఫిష్ విషయము జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. విదేశమునుండి వచ్చిన ఆ మాంసాహారి మన జలములలో వ్యాపించి స్థానిక జాతులకు హాని కలిగించుటచే దాని పెంపకము నిషేధింపబడినది. పండుగప్ప మన తీరపు చేప, నిషిద్ధము కాదు. రెండింటిని ఒక గాట కట్టరాదు. కాని “ధర బాగుగా వచ్చును” అను ఒక్క మాటపై ఆధారపడి చెరువులో క్రొత్త చేపను విడుచుటలోని ప్రమాదము రెండింటను ఒక్కటియే.

పెంపదలచినవారికి మార్గము

పండుగప్పను పెంపగూడదని చెప్పుట ఈ వ్యాసపు ఉద్దేశము కాదు. ఊరి ఉమ్మడి చెరువులో పెంపగూడదు. వేరుగా త్రవ్విన సొంత కుంటలో, తగిన జాగ్రత్తలతో పెంపవచ్చును. ఆ జాగ్రత్తలివి.

కుంట ఊరి చెరువునకును, వాగునకును సంబంధము లేనిదై యుండవలెను. నీరు లోపలికి వచ్చు చోటను, బయటకు పోవు చోటను సన్నని జాలీలు బిగింపవలెను. వరదనీరు ముంచు పల్లపు నేల పనికిరాదు. కనీసము మీటరున్నర లోతు నీరు నిలుపగల వసతియుండవలెను.

పిల్లలను నమ్మకమైన ఉత్పత్తి కేంద్రమునుండియే కొనవలెను. తీరపు ఉప్పుటేళ్లలో పట్టిన పిల్లలను కొనుట ఆ తీరమునకే ద్రోహము. కేంద్రములో ఉప్పునీట పెరిగిన పిల్లను తెచ్చి ఒక్కసారిగా మంచినీట వేసినచో చచ్చును. కొన్ని దినములు తీసికొని ఉప్పును మెల్లమెల్లగా తగ్గించి, మంచినీటికి అలవాటు చేసిన పిల్లలనే అడుగవలెను. 8 మొదలు 10 సెంటీమీటర్ల వరకు పెరిగిన పిల్లలు కుంటలో విడుచుటకు తగినవి.

పిల్లలలో కొన్ని త్వరగా పెరిగి, మిగిలినవానిని మ్రింగును. కావున మొదటి దశలో నెట్టుతొట్లలో ఉంచి, వారమునకొకసారియైనను పరిమాణమును బట్టి పెద్దవానిని, చిన్నవానిని వేరుచేయవలెను. ఈ పని చేయనివాడు వేయి పిల్లలు కొని, వందలలో మాత్రమే చేపలు తీయును. ఈ పెంపకములో నష్టములకు మొదటి కారణమిదియే.

మేతగా చిన్నచేపలను గాని, నీటిపై తేలు గుళికల మేతను గాని వాడుదురు. గుళికలలో సుమారు 40 శాతము లేదా అంతకు పైగా మాంసకృత్తులుండవలెను. కావున రోహు మేతకంటె దీని మేత ఖరీదు. కుంటలో ముందుగా జిలేబి చేపలను పెంచి, వాని పిల్లలను పండుగప్పకు ఆహారముగా చేయు పద్ధతి కూడ కొన్ని దేశములందు కలదు. అదుపు లేక పెరుగు జిలేబి సంతతి దీనివలన తగ్గును. ఇట్టి పద్ధతి కూడ మూసిన కుంటలోనే సాగవలెను.

చలి మరియొక సంగతి. పండుగప్ప వెచ్చని తీరపు చేప. నీరు 26 మొదలు 32 డిగ్రీల వరకున్నప్పుడు బాగుగా తిని పెరుగును. 20 డిగ్రీలకు దిగినచో మేత తగ్గించును. మన జిల్లాలో పుష్య మాసపు రాత్రులందు గాలి వేడిమి పది పండ్రెండు డిగ్రీలకు పడిపోవుట కలదు. లోతు తక్కువైన కుంటలో నీరు త్వరగా చల్లబడును. కోస్తావారు ఒక సంవత్సరములో సాధించు పెరుగుదలనే ఇచ్చటను ఆశించి అప్పు చేయరాదు. అమ్మకమునకు దారి ముందుగా చూచుకొనవలెను. మంచుగడ్డలు, బండి, కొనువాడు లేనిదే ఖరీదైన చేపయు చౌకబేరమగును.

పెద్ద జలాశయములలో వలపంజరములు అమర్చి చేపలు పెంచు పద్ధతికి 2020లో ఆరంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన ప్రోత్సాహమిచ్చినది. అట్టి పంజరములలో పండుగప్పను పెంపదలచినచో మత్స్యశాఖ అనుమతియు, నిపుణుల సలహాయు లేక ముందుకు పోరాదు. వల చిరిగినచో చేప పోవునది జలాశయములోనికే.

పిల్లచేపలను గుర్తించుట

చెరువులో పిల్లలను విడుచు దినమున పంచాయతీ సభ్యులును, సంఘ సభ్యులును కట్టపైనుండుట మంచిది. బస్తాలు విప్పినంతనే కుమ్మరింపనీయక, కొన్ని పిల్లలను తెల్లని పళ్లెములో నీరు పోసి చూడవలెను. రోహు, బొచ్చె, మృగాల పిల్లల తోక చివర రెండుగా చీలియుండును. పండుగప్ప పిల్ల తోక గుండ్రము. దాని ఒడలు గోధుమవన్నె మచ్చలతో ముదురుగానుండి, తలపైని మెడపైని తెల్లని చారలు కానవచ్చును. నోరు శరీరమునకు మించినంత పెద్దది. క్యాట్‌ఫిష్ పిల్లకు మూతి చుట్టును మీసములుండును, పొలుసులుండవు. ఈ నాలుగు గుర్తులు తెలిసినవారు మోసపోరు. సందేహము కలిగినచో ఆ బస్తాను వేరుగా నుంచి మత్స్యశాఖాధికారికి తెలుపవలెను.

పంచాయతీ చేయవలసినది

ఎవరైనను క్రొత్త జాతి చేపను చెరువులో విడువ ప్రతిపాదించినచో, తీర్మానమునకు ముందు గ్రామసభలో ఐదు ప్రశ్నలు అడుగవలెను. ఆ చేప ఏమి తినును? మన నీటిలో సంతానము కనునా? మత్తడి దాటిన నీరు ఏ గ్రామమునకు పోవును, ఆ గ్రామము వారు సమ్మతించిరా? పిల్లలు ఎచ్చటినుండి వచ్చుచున్నవి? నష్టము కలిగినచో భరించువారెవరు? ఈ ఐదింటికి నిర్ధారణయైన సమాధానములు లభించువరకు తీర్మానము వాయిదా వేయుట పిరికితనము కాదు, బాధ్యత.

చెరువుపై హక్కు గల ముదిరాజ్, గంగపుత్ర మొదలగు మత్స్యకారుల సహకార సంఘములను విడిచి ఏ నిర్ణయమును చేయరాదు. చెరువులోని చేప వారి సంవత్సరపు పంట. వల వేయువారికి నీటి సంగతి పుస్తకములకంటె బాగుగా తెలియును. సొంత కుంటలో పండుగప్పను పెంచు రైతు వివరములను పంచాయతీ పుస్తకములో వ్రాసియుంచుకొనుటయు, వానకాలమునకు ముందు కుంట గట్టును, జాలీలను పరిశీలించుటయు మేలు.

ధర గల వస్తువెల్ల మనకు లాభము కాదు. పండుగప్ప తన చోట గొప్ప చేప. సముద్రపు పోటును, మడ అడవుల నీడను, నదుల మంచినీటిని వరుసగా అనుభవించి పెరుగునట్లు ప్రకృతి దానిని తీర్చినది. మన చెరువునకు తగినవి మన చెరువు మేతతో బ్రతుకు చేపలు. సకాలములో మంచి పిల్లలను విడిచి, పిల్లచేపలను చిన్నకన్నుల వలలతో పట్టకుండ కాపాడి, నీరు పూర్తిగా ఇంకకుండ కొంత మడుగు మిగిల్చినచో, ఆ చెరువే సంఘమునకు ఏటేట ఆదాయమిచ్చును. క్రొత్త చేపను కోరువారు సొంత కుంటలో పరీక్షించుకొనవచ్చును. ఉమ్మడి చెరువు మాత్రము పరీక్షలకు తావు కాదు.